తక్కువ సంఖ్యలో తయారైన తుపాకీ కొనేముందు: వారంటీ, మరమ్మతు, విడిభాగాల గురించి సమగ్ర మార్గదర్శి

నా బల్ల సొరుగులో ఒక అగ్గిపెట్టె ఉంది. అందులో బియ్యపు గింజలో సగం ఉండే ఉక్కు తునక ఒకటి దాచి ఉంచాను. ఒకవైపు నున్నగా, నల్లగా ఉంటుంది. విరిగిన వైపు మాత్రం పంచదార పలుకులా బూడిద రంగులో గరుకుగా ఉంటుంది. అది ఒక పిస్తోలు ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కొన. తూటా పేలాక మిగిలిన ఖాళీ తొడుగు అంచును పట్టుకుని, బ్యారెల్ వెనుక తూటా కూర్చునే గదిలోనుంచి బయటకు లాగేది ఆ కొక్కెమే. అది విరిగితే పిస్తోలు సరిగా పనిచేయదు.

ఆ పిస్తోలు ఖరీదు 2,800 డాలర్లు. ఆ నమూనాలో మొత్తం 250 మాత్రమే తయారు చేస్తామని కంపెనీ ప్రకటించింది. పెట్టె మూతమీద బంగారు రంగు అక్షరాలతో ‘జీవితకాల వారంటీ’ అని అచ్చు వేసింది. 640వ తూటా దగ్గర కొక్కెం విరిగింది. కర్మాగారానికి పంపాను. మొదటి నెల సమాధానాలు వచ్చాయి, రెండో నెల తగ్గాయి, మూడో నెల నుంచి ఫోను ఎత్తేవారే లేరు. అయిదు నెలలకు పిస్తోలు తిరిగి వచ్చింది కాని కొక్కెం విరిగినట్లే ఉంది. ఆ తరువాత కంపెనీ మూతపడింది.

అమెరికాలో ఉంటూ గురి పోటీలకో, వేటకో, సేకరణకో తుపాకీ కొనాలనుకునే తెలుగువారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మా డాలస్ ప్రాంతంలోనే వారాంతంలో షూటింగ్ రేంజికి వెళితే పక్క వరుసలో తెలుగు వినబడుతుంది. వారిలో ఎవరైనా అరుదైన నమూనా మీద మనసు పడినప్పుడు నేను ఒకటే అడుగుతాను: ఇందులో విరిగే భాగం పదేళ్ల తరువాత ఎక్కడ దొరుకుతుంది? వారంటీ కాగితం గురించి దాని తరువాతే మాట్లాడతాను. ఈ మార్గదర్శిలోని క్రమం కూడా అదే.

మొదటి అడుగు: కొనే అర్హత మీకు ఉందా?

ఇది వారంటీ విషయం కాదు, అయినా ముందు చెప్పక తప్పదు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీని గాని తూటాలను గాని కలిగి ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడిగి తెలుసుకోవాలి, స్నేహితుల మాట మీద ఆధారపడకూడదు. పొరపాటు జరిగితే శిక్షతో పాటు వీసా భవిష్యత్తు కూడా పోతుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

రాష్ట్రాల నిబంధనలు వేరు. కాలిఫోర్నియాలో డీలరు కొత్త చేతి తుపాకీ అమ్మాలంటే అది సాధారణంగా రాష్ట్రం ఆమోదించిన జాబితాలో ఉండాలి. చిన్న కంపెనీలు ఆ పరీక్షల ఖర్చు పెట్టుకోవు కాబట్టి అరుదైన నమూనాలు చాలావరకు అక్కడ అమ్మకానికే రావు. న్యూజెర్సీలో ఒక్కో చేతి తుపాకీకి ఒక్కో కొనుగోలు పర్మిట్ కావాలి. మరమ్మతు సమయంలో ఈ తేడాలు ఎలా ఇబ్బంది పెడతాయో తరువాత చెబుతాను.

రెండో అడుగు: అది ఏ రకం ‘పరిమిత ఉత్పత్తి’?

‘లిమిటెడ్’ అనే ఒకే మాట కింద నాలుగు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతాయి. నాలుగింటి మరమ్మతు కథలు నాలుగు రకాలు.

పెద్ద కర్మాగారం ఏదో ఒక పంపిణీదారు కోసం ప్రత్యేక రంగుతోనో, చెక్కడంతోనో, వేరే పిడితోనో కొన్ని వందల తుపాకులు చేసి ఇస్తుంది. లోపలి యంత్రం మామూలు నమూనాదే. స్ప్రింగు పోయినా, తూటా వెనుక కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ను విరిగినా మర్నాడే దొరుకుతుంది. ప్రమాదం పైపూతకు, చెక్కడానికి మాత్రమే. తెలియక కొనేవారికి నేను సూచించేది ఈ రకాన్నే.

రెండో రకం చేతిపని తుపాకులు. అర్కన్సా రాష్ట్రంలోని బెర్రీవిల్ అనే చిన్న ఊళ్లోనే విల్సన్ కాంబాట్, నైట్‌హాక్ కస్టమ్ అనే రెండు పేరున్న సంస్థలు ఉన్నాయి. నైట్‌హాక్‌లో ఒక తుపాకీని మొదటినుంచి చివరిదాకా ఒకే పనివాడు అమరుస్తాడు. ఇలాంటి వాటిలో ప్రతి భాగాన్నీ ఆకురాయితో అరగదీసి ఆ ఒక్క తుపాకీకే సరిపోయేలా చేస్తారు. అందుకే విడిభాగం కొని తెచ్చుకుని ఇంట్లో బిగించుకుందామంటే కుదరదు. చేసినవారి దగ్గరకో, అంతటి పనితనం ఉన్న గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివాడు) దగ్గరకో వెళ్లాలి. కాని ఆధారం 1911 అనే పిస్తోలు వంటి వందేళ్ల నాటి నమూనా అయితే భయం తక్కువ. ఆ నమూనాను బాగుచేయగలవారు దేశమంతటా ఉన్నారు.

మూడోది విదేశీ తుపాకీ. వారంటీ ఇచ్చేది సాధారణంగా దిగుమతిదారే, విదేశీ కర్మాగారం కాదు. దిగుమతిదారు పేరు, ఊరు, రాష్ట్రం తుపాకీ మీద చెక్కి ఉండాలని ఇక్కడి చట్టం చెబుతుంది. బ్యారెల్ మీదో, ఫ్రేమ్ (తుపాకీ ప్రధాన దేహం) అడుగునో సన్నని అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చదివి, ఆ సంస్థ ఈ రోజుకీ అదే బ్రాండు తెస్తోందా అని చూడండి. దిగుమతి హక్కు మరొకరి చేతికి పోతే పాత తుపాకులను కొత్తవారు ముట్టుకోకపోవచ్చు.

నాలుగోది, అన్నిటికన్నా అపాయమైనది, కొత్త కంపెనీ తన సొంత యంత్రాంగంతో చేసిన మొదటి తుపాకీ. అన్ని భాగాలూ దానివే, మరెవరూ చేయరు. నేను కొన్నది ఇదే కోవలోదనుకుని చాలా బాధపడ్డాను. ఒక్క భాగం విషయంలో మాత్రం నా అంచనా తప్పింది. అది చివర చెబుతాను.

మూడో అడుగు: విడిభాగాల లెక్క

ఈ అడుగు దగ్గర తొందరపడకండి. రెండు నిజమైన ఉదాహరణలు చూస్తే ఎందుకో తెలుస్తుంది.

1983లో కాలిఫోర్నియాలోని డోర్నస్ అండ్ డిక్సన్ అనే చిన్న సంస్థ బ్రెన్ టెన్ అనే పిస్తోలు తెచ్చింది. 10 ఎం.ఎం. ఆటో అనే కొత్త తూటా దానికోసమే పుట్టింది. జనం ముందుగా డబ్బు కట్టి మరీ ఎదురుచూశారు. తీరా పిస్తోళ్లు చేతికి వచ్చాక చూస్తే చాలా పెట్టెల్లో మ్యాగజైన్ లేదు. వేరేచోట చేయిస్తున్న మ్యాగజైన్లు వేళకు అందలేదు. తూటాలు నింపే ఆ రేకు డబ్బా లేకపోతే అది ఒక్కో తూటా పెట్టుకుని కాల్చే బొమ్మతో సమానం. సుమారు 1,500 పిస్తోళ్లు చేశాక 1986లో సంస్థ దివాలా తీసింది. మరుసటి ఏడాది కోల్ట్ కంపెనీ డెల్టా ఎలీట్ పేరుతో అదే తూటాకు పిస్తోలు తేవడంతో తూటా బతికింది. పిస్తోలు కొన్నవారు మాత్రం మ్యాగజైన్ల కోసం ఎంతంటే అంత పెట్టవలసి వచ్చింది.

రెండోది మా టెక్సస్‌దే. టెంపుల్ పట్టణానికి చెందిన హడ్సన్ కంపెనీ 2017లో హెచ్9 అనే 9 ఎం.ఎం. పిస్తోలును చూపినప్పుడు ఆ ఏడాది అందరి నోటా దాని మాటే. బ్యారెల్ చేతికి బాగా దగ్గరగా ఉండేలా లోపలి అమరికనే మార్చిన తుపాకీ అది. 2019లో కంపెనీ చాప్టర్ 7 కింద దివాలాకు దరఖాస్తు చేసింది. చాప్టర్ 7 అంటే తిరిగి లేచే ఆశ లేదు, ఉన్నవన్నీ అమ్మి అప్పులు తీర్చడమే. తరువాత ఆ నమూనా హక్కులను డేనియల్ డిఫెన్స్ కొని, అల్యూమినియం ఫ్రేముతో 2024లో తన సొంత హెచ్9 తెచ్చింది. పేరు మళ్లీ అంగడికి వచ్చినంత మాత్రాన పాత హెచ్9 యజమానికి వారంటీ తిరిగి రాదు. హక్కులు కొన్నవారు పాత కంపెనీ మాటలను కూడా కొన్నట్లు కాదు.

ఈ రెండింటినీ మనసులో పెట్టుకుని కాగితం మీద ఒక జాబితా రాసుకోండి: మ్యాగజైన్, రికాయిల్ స్ప్రింగు (వెనక్కి వెళ్లిన పై భాగాన్ని తిరిగి ముందుకు తోసేది), ఎక్స్‌ట్రాక్టర్, ఎజెక్టర్ (ఖాళీ తొడుగును బయటకు విసిరేది), ఫైరింగ్ పిన్ను, ట్రిగ్గర్ స్ప్రింగు, చిన్న పిన్నులు. ఎంత మంచి తుపాకీలోనైనా అరిగేవి, విరిగేవి ఇవే. ఒక్కోదాని పక్కన ఇది ఈ నమూనాకే ప్రత్యేకమా, మరో పేరున్న తుపాకీదేనా అని రాయండి. అయిదంగుళాల .45 ప్రభుత్వ నమూనా 1911కు 16 పౌండ్ల రికాయిల్ స్ప్రింగు వాడతారు. ఏ తుపాకుల దుకాణంలో అడిగినా ఇస్తారు. అదే స్థానంలో మీరు కొనబోయే తుపాకీకి ప్రత్యేకమైన జంట స్ప్రింగుల అమరిక ఉంటే, కంపెనీ తెరిచి ఉన్నప్పుడే అవి కొనుక్కోవాలి.

‘ఈ నమూనాకే ప్రత్యేకం’ అని రాసినవి మూడు దాటితే నేనైతే ఆగుతాను. అయినా కొంటానంటే తుపాకీ ధరలో పదిశాతం విడిభాగాలకు కలిపి లెక్క వేసుకోండి. నాలుగైదు మ్యాగజైన్లు, రెండు స్ప్రింగుల జతలు, ఒక ఎక్స్‌ట్రాక్టర్, ఒక ఫైరింగ్ పిన్ను తుపాకీతో పాటే ఆర్డరు చేయండి. ‘ఇప్పుడు లేవు, వచ్చే నెల వస్తాయి’ అని సమాధానం వస్తే తుపాకీ కూడా వచ్చే నెలే కొనండి.

నాలుగో అడుగు: వారంటీని అక్షరం అక్షరం చదవడం

అమెరికాలో వినియోగ వస్తువుల వారంటీలకు 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఆధారం. ఈ చట్టం ఏ కంపెనీనీ వారంటీ ఇచ్చి తీరాలని బలవంతపెట్టదు. ఇస్తే మాత్రం అది ‘పూర్తి’ వారంటీయో ‘పరిమిత’ వారంటీయో స్పష్టంగా రాయాలి. 15 డాలర్లు దాటిన వస్తువుకైతే షరతులన్నీ కొనకముందే చదువుకునే వీలు కల్పించాలి. ‘పూర్తి’ అన్నారంటే గడువులోపల వస్తువు చేతులు మారినా వారంటీ వెంట వెళుతుంది. సరిపడినన్ని సార్లు ప్రయత్నించినా బాగుపడకపోతే డబ్బు గాని మరో వస్తువు గాని ఇవ్వాలి. తుపాకుల వారంటీలు దాదాపు అన్నీ ‘పరిమితం’ కిందకే వస్తాయి.

చదివేటప్పుడు వేలు పెట్టి చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ‘జీవితకాలం’ అంటే ఎవరి జీవితకాలం? తుపాకీదా, మొదటి యజమానిదా, కంపెనీదా? చాలా కాగితాల్లో ‘మొదటి కొనుగోలుదారుకు మాత్రమే’ అని ఉంటుంది. అరుదైన తుపాకులు తరచు రెండో చేతి మీదే దొరుకుతాయి కాబట్టి ఈ ఒక్క వాక్యంతో మీ వారంటీ సున్నా కావచ్చు. ‘మరమ్మతు గాని, సమానమైన వస్తువుతో మార్పు గాని, మా ఇష్టప్రకారం’ అనే మాట పరిమిత ఉత్పత్తికి పెద్ద ముల్లు. 250లో 17వ నంబరు ఇచ్చి, ఇంకెన్నో వేలు ఉన్న మామూలు నమూనా తెచ్చుకుంటే అది మీకు సమానమా? సొంతంగా నింపుకున్న తూటాలు వాడితే వారంటీ చెల్లదనే షరతు కూడా దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. దాన్ని గౌరవించండి.

మరో కంపెనీ పిడి రేకులో, గురిచుక్కో బిగించినంత మాత్రాన వారంటీ మొత్తం పోయిందని కొందరు బెదిరిస్తారు. తమ బ్రాండు భాగాలే వాడితే తప్ప వారంటీ లేదనే షరతు పెట్టడాన్ని ఈ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. బయటి భాగమే చెడుకు కారణమైతే మాత్రం కంపెనీ మరమ్మతుకు నిరాకరించవచ్చు. అందుకే ట్రిగ్గర్ యంత్రాంగం, సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా సుత్తిని పట్టి ఉంచే భాగం), సేఫ్టీ మీద ఎవరి చేతా ఆకురాయి పెట్టించకండి. ఇక్కడ ప్రాణాపాయం కూడా ఉంది.

రాతపూర్వకమైన వారంటీ లేకపోయినా, వ్యాపారి అమ్మిన వస్తువు దాని మామూలు పనికి పనికి రావాలనే అంతర్లీన హామీ చాలా రాష్ట్రాల చట్టాల్లో ఉంది. అది డీలరుకు కూడా వర్తిస్తుంది. బిల్లు మీద ‘యథాతథంగా’ అనే అర్థం వచ్చే మాట ఉంటే చాలాచోట్ల ఆ హామీ తొలగిపోతుంది. ఆ మాట ఉందేమో చూసి సంతకం పెట్టండి.

కాగితమే సర్వస్వం కాదని గుర్తుచేసే ఒక ఉదాహరణ కూడా ఇక్కడ చెప్పాలి. రూగర్ కంపెనీ తుపాకులతో వారంటీ కార్డు ఉండదు. మాగ్నసన్-మాస్ చట్టం కారణంగానే కార్డు పెట్టడం లేదని కంపెనీ బాహాటంగా రాస్తుంది. అయినా అమ్మకం తరువాత సేవలో ఆ కంపెనీకి ఉన్న మంచిపేరు చాలామంది ‘జీవితకాల’ వారంటీదారులకు లేదు. నలభై ఏళ్లుగా బాగుచేస్తున్నవారి అలవాటు, నిన్న పుట్టిన కంపెనీ ప్రమాణం కంటే నమ్మదగినది.

ఇప్పుడు షరతులు వెబ్‌సైట్‌లోనే ఉంటున్నాయి. వెబ్‌సైట్ మారుతుంది, మాయమవుతుంది. కొన్న రోజునే ఆ పేజీని తేదీ కనబడేలా అచ్చు తీసి బిల్లుతో పాటు దాచండి.

అయిదో అడుగు: ప్రభుత్వం రక్షిస్తుందని అనుకోకండి

కారులో లోపం ఉంటే, బొమ్మలో లోపం ఉంటే వెనక్కి రప్పించే ప్రభుత్వ సంస్థలు అమెరికాలో ఉన్నాయి. వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ పరిధిలోకి మాత్రం తుపాకులు, తూటాలు రావు. చట్టమే వాటిని మినహాయించింది. లోపమున్న తుపాకీని వెనక్కి పిలవాలా వద్దా అన్నది కంపెనీ నిర్ణయం. పెద్ద కంపెనీకి పేరు పోతుందన్న భయం, కోర్టు భయం ఉంటాయి. 250 తుపాకులు అమ్మి మూతపడిన కంపెనీకి వెనక్కి పిలవడానికి మనిషే ఉండడు. అందువల్ల కొనేముందు ఆ నమూనాలో తెలిసిన లోపాల గురించి కంపెనీని సీరియల్ నంబరు చెప్పి సూటిగా అడగండి. సమాధానం రాతలో తీసుకోండి.

తుపాకుల తయారీదారులను చాలా దావాల నుంచి కాపాడే 2005 నాటి ఫెడరల్ చట్టం ఒకటి ఉంది. దాన్ని చూపించి ‘మా మీద దావా వేయలేరు’ అని ఎవరైనా అంటే నమ్మవద్దు. కొనుగోలుకు సంబంధించిన ఒప్పంద, వారంటీ ఉల్లంఘన దావాలను ఆ చట్టం స్పష్టంగా మినహాయించింది.

ఆరో అడుగు: కంపెనీ ఊపిరిని పరీక్షించడం, డబ్బు కట్టడం

కొనేముందు మరమ్మతు విభాగానికి ఫోను చేయండి. అమ్మకాల విభాగానికి కాదు. ఎవరు ఎత్తారు, ఎన్ని రోజులకు తిరిగి పలికారు, మరమ్మతుకు ప్రస్తుతం ఎన్ని వారాలు పడుతోంది, ఫ్రేము పగిలితే ఏమి ఇస్తారు, ఈ నమూనా ఆపేశాక విడిభాగాలు ఎన్నేళ్లు నిల్వ ఉంచుతారు అని అడగండి. నేను ఆనాడు ఈ ఫోను చేయలేదు. చేసి ఉంటే ఆ కంపెనీలో మరమ్మతు విభాగమంటే ఒక్క మనిషేనని అప్పుడే తెలిసేది.

ముందుగా డబ్బు కట్టవలసి వస్తే క్రెడిట్ కార్డుతోనే కట్టండి. వస్తువు రాకపోతే బిల్లును సవాలు చేసే హక్కు ఉంటుంది. సాధారణంగా మొదటి బిల్లు వచ్చిన 60 రోజుల్లోపల రాతలో తెలియజేయాలి. ఏడాది తరువాత ఇస్తామనే తుపాకీకి ఈ 60 రోజులు ఎందుకూ సరిపోవని మీరే గమనించండి.

ఏడో అడుగు: డీలరు బల్ల దగ్గర

ఫారం 4473 (డీలరు దగ్గర కొనేవారు నింపే ఫెడరల్ పత్రం) మీద సంతకం పెట్టి తుపాకీ మీ పేరుకు మారిందంటే అది ఇక పాత తుపాకీయే. చాలామంది డీలర్లు వెనక్కి తీసుకోరు. పరీక్ష అంతకుముందే పూర్తి కావాలి.

డీలరు అనుమతితో, గది ఖాళీ అని ఇద్దరూ కళ్లతో చూసి వేలితో తడిమాక, స్లైడును (పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగాన్ని) నెమ్మదిగా వెనక్కి లాగండి. ఎక్కడైనా గీరుతున్నట్లు తగిలితే ఆపి వెలుతురులో చూడండి. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అంచు పదునుగా, చదునుగా ఉండాలి. పెచ్చు ఊడినట్లుగాని వెంట్రుకంత గీత గాని కనబడితే ఒప్పుకోకండి. నా పిస్తోలు కొక్కెం మూలలో అటువంటి గీత ఒకటి కొన్ననాడు తీసిన ఫొటోలోనే ఉంది. విరిగిన తరువాత ఫొటో పెద్దది చేసి చూసుకుంటే కనబడింది. పెట్టె మీది సీరియల్ నంబరు, ఫ్రేము మీది నంబరు, ధ్రువపత్రం మీది నంబరు మూడూ కలవాలి. ఇచ్చిన ప్రతి మ్యాగజైన్ బిగించి, విడుదల మీట నొక్కగానే దానంతట అది జారి పడుతుందో లేదో చూడండి.

ఎనిమిదో అడుగు: మొదటి 500 తూటాలు, ఒక నోటుపుస్తకం

పెట్టెలో దాచుకునేందుకే కొన్నా, వారంటీ గడువు ఉండగానే ఒకసారి కాల్చి చూడటం మంచిదని నా అభిప్రాయం. సేకరణ విలువ తగ్గుతుందని ఒప్పుకోనివారు ఉంటారు. కాల్చని తుపాకీకే ఎక్కువ ధర వస్తుందన్నది నిజమే. అలా అనుకునేవారు వారంటీ కోసం అదనపు డబ్బు పెట్టకుండా ఉంటే సరిపోతుంది.

కర్మాగారంలో తయారైన తూటాలే వాడండి. తేదీ, తూటా బ్రాండు, పెట్టె మీది లాటు నంబరు, ఎన్ని కాల్చారు, ఏ మ్యాగజైన్, ఎన్నిసార్లు ఇరుక్కుంది, ఎలా ఇరుక్కుంది రాయండి. ‘అప్పుడప్పుడు ఇరుక్కుంటోంది’ అనే ఫిర్యాదుకు ‘మాకు బాగానే పనిచేసింది’ అనే సమాధానమే వస్తుంది. ‘212, 230, 231 తూటాల దగ్గర ఖాళీ తొడుగు గదిలోనే ఉండిపోయింది, మూడు మ్యాగజైన్లతోనూ’ అన్న ఫిర్యాదును పనివాడు కాదనలేడు.

తొమ్మిదో అడుగు: చెడినప్పుడు

ముందు కాల్చడం ఆపండి. ట్రిగ్గర్ నొక్కకుండా పేలడం, ఒక్క నొక్కుకు రెండు పేలడం, సేఫ్టీ పట్టకపోవడం, బ్యారెల్ ఉబ్బడం వంటివి కనబడితే ఇంకొక్క తూటా కూడా పెట్టకండి.

తరువాత కర్మాగారం నుంచి మరమ్మతు నంబరు, పంపే చీటీ తెప్పించుకోండి. తుపాకులు పంపడంలో కొరియర్ సంస్థల నిబంధనలు కఠినమయ్యాయి, తరచు మారుతున్నాయి. మీ అంతట మీరు కౌంటరు దగ్గరకు తీసుకుపోయే బదులు కర్మాగారం ఇచ్చిన చీటీతో గాని, మీ డీలరు ద్వారా గాని పంపడం క్షేమం. పెట్టెలో తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. మీరు బిగించిన పిడి, గురి పరికరం తీసేసి, అసలువి పెట్టండి. నాలుగు వైపులా, సీరియల్ నంబరు దగ్గర, ఇదివరకే ఉన్న గీతల దగ్గర ఫొటోలు తీయండి. అసలు విలువకు బీమా చేయించండి. మామూలు నమూనా ధర రాస్తే పోయినప్పుడు అంతే వస్తుంది.

లోపల పెట్టే ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. నోటుపుస్తకంలోని వివరాలు, మీకు కావలసినది ఏమిటి, మీరు ఒప్పుకోనివి ఏమిటి రాయండి. పరిమిత ఉత్పత్తికి ఈ మూడు వాక్యాలు తప్పనిసరి: నా రాతపూర్వక అనుమతి లేకుండా పైపూత మార్చవద్దు, మెరుగు పెట్టవద్దు. ఫ్రేము మార్చవలసి వస్తే ముందు నాతో మాట్లాడండి. తీసేసిన పాత భాగాలను తిరిగి పంపండి. సదుద్దేశంతోనే అయినా, గీతలు పడ్డ పాత నీలిపూతను కొత్తగా మెరిపించి పంపిస్తే సేకరణ విలువ ఒక్క రోజులో పోతుంది.

మరమ్మతు చేసిన తుపాకీని కర్మాగారం నేరుగా యజమానికి పంపడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. కొత్తగా ఫారం 4473 అక్కరలేదు. అదే రకం తుపాకీని బదులుగా ఇచ్చినా అంతే. కాని బదులు తుపాకీకి సీరియల్ నంబరు వేరు. న్యూజెర్సీలాగా ఒక్కోదానికి ఒక్కో పర్మిట్ అడిగే రాష్ట్రాల్లో ఉంటే, అంగీకరించేముందే డీలరుతో మాట్లాడండి. లేకపోతే తుపాకీ వచ్చి కూడా డీలరు దగ్గరే కూర్చుంటుంది.

పదో అడుగు: కంపెనీ చేతులు మారితే, మూతపడితే

రెమింగ్టన్ వంటి మహావృక్షమే 2018లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా కోర్టు మెట్లెక్కింది. రెండోసారి ఆస్తులు ముక్కలుగా అమ్ముడయ్యాయి. మార్లిన్ రైఫిళ్ల వ్యాపారం రూగర్ చేతికి వెళ్లింది. కొత్త యజమాని తాను చేసిన రైఫిళ్లకు బాధ్యత తీసుకుంటాడు. రెమింగ్టన్ కాలంలో చేసినవాటికి ఆ బాధ్యత వారసత్వంగా రాలేదు. కోల్ట్ పైథాన్ రివాల్వర్ సంగతి ఇంకో రకం. కంపెనీ అదే, పేరూ అదే, కాని 2020లో తిరిగి తెచ్చిన పైథాన్ లోపలి యంత్రాంగం 1955 నాటి నమూనాది కాదు. కొత్త భాగాలు పాతదానికి పట్టవు.

మీ తుపాకీ కర్మాగారంలో ఉండగా దివాలా వార్త వస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి. ఆ తుపాకీ మీ ఆస్తి, కంపెనీ ఆస్తి కాదు. కోర్టు నియమించిన ట్రస్టీకి సీరియల్ నంబరు, బిల్లు, పంపిన రసీదు జతచేసి రిజిస్టర్డ్ ఉత్తరం రాయండి. నా పిస్తోలు తిరిగి రావడానికి కారణం కూడా మూతపడకముందే నేను రాసిన అటువంటి ఉత్తరమే. వారంటీ కింద రావలసినదానికి విడిగా క్లెయిము దాఖలు చేయవచ్చు. తాకట్టు లేని అప్పుల వరుసలో చివర నిలబడతారు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

కంపెనీ నడుస్తూనే పలకకపోతే రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో వినియోగదారు ఫిర్యాదు ఉంది. టెక్సస్‌లో జస్టిస్ కోర్టులు 20,000 డాలర్ల దాకా దావాలు వింటాయి, న్యాయవాది తప్పనిసరి కాదు. మాగ్నసన్-మాస్ చట్టం కింద గెలిస్తే న్యాయవాది ఫీజు కూడా ఇప్పించే వీలుంది.

అన్నీ మూసుకుపోయాక మిగిలేది మంచి గన్‌స్మిత్. నేను వెళ్లిన పెద్దాయన విరిగిన ఎక్స్‌ట్రాక్టర్‌ను భూతద్దం కింద రెండు నిమిషాలు తిప్పి చూసి, తన డబ్బాలోంచి అరగదీయని కొత్త 1911 ఎక్స్‌ట్రాక్టర్ ఒకటి తీసి పక్కన పెట్టాడు. పొడవు, మందం ఒకటే. కొక్కెం కోణం మాత్రమే తేడా. సొంత నమూనా అని గొప్పగా చెప్పుకున్న కంపెనీ ఆ ఒక్క భాగాన్ని 1911 నుంచే తీసుకుందన్నమాట. ఆకురాయితో గంటన్నర పని, 140 డాలర్లు. అదనంగా మరో రెండింటిని అరగదీసి ఇమ్మని అడిగి తెచ్చుకున్నాను. అవి కూడా ఆ అగ్గిపెట్టె పక్కనే, నూనె రాసిన గుడ్డలో, బిల్లుతో సహా ఉన్నాయి.